ఒకటో నంబరు చీటీ

మావయ్య కొట్లో కొత్త వాయిద్యం ఒక్కటీ ఉండదు. అన్నీ ఎవరో ఒకరు వాయించి వదిలేసినవే. తీగలు తెగిన మేండొలిన్లు, మెట్లు ఊడిన గిటార్లు, తిత్తి చిరిగిన అకార్డియన్లు, పళ్లు రాలిన కీబోర్డులు. ఇల్లు మారేవాళ్లు, చేతులు వణకడం మొదలైనవాళ్లు, పిల్లలు చదువుల్లో పడి వాయించడం మానేసినవాళ్లు తెచ్చి ఇచ్చేసి పోతుంటారు. మావయ్య వాటిని బల్లమీద పడుకోబెట్టి, డాక్టరు రోగిని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, ఓపిగ్గా బాగుచేస్తాడు. బాగుచేయడం వచ్చినంతగా ఆయనకి అమ్మడం రాదు.

"కొనగలిగినవాడికి కొత్తది కావాలి. పాతదైనా చాలనేవాడి దగ్గర డబ్బుండదు. ఈ ఇద్దరి మధ్యా నేను అప్పడంలా నలిగిపోతున్నా" అనేవాడు.

అలా నలిగీ నలిగీ ఆయన కనిపెట్టిన ఉపాయమే డ్రా. నెలకొక వాయిద్యం. దానికి నూట ఇరవై చీటీలు. ఒక్కో చీటీ రెండు టీల ఖరీదు. నెలలో చివరి ఆదివారం పొద్దున పదింటికి కొట్టు ముందు అందరూ చేరతారు. ఒక చీటీ తీస్తారు. ఆ నంబరు ఎవరిదైతే వాయిద్యం వాళ్లది. మిగతా నూట పంతొమ్మిది మంది రెండు టీలు తాగేశామనుకుని ఇంటికెళ్తారు.

చీటీలు రాసేది ఆయన మేనకోడలు. పదిహేనేళ్ల పిల్ల. బడి వదలగానే పుస్తకాల సంచీతో నేరుగా కొట్టుకే వచ్చేది. ఆమె చేతిరాత అచ్చు వేసినట్టుండేది. నోటి మాట మాత్రం గొంతు దాటి బయటికి వచ్చేది కాదు. క్లాసులో హాజరు పిలిచినప్పుడు ఆమె పలికిన పలుకు ముందు బెంచీవాళ్లకి కూడా వినపడేది కాదు. టీచరు తలెత్తి చూసి, మనిషి ఉందని కళ్లతో తేల్చుకుని టిక్కు పెట్టేవాడు. వీధిలో ఆమెని అందరూ చీటీల పిల్ల అనేవారు.

చీటీకి ఒకవైపు నంబరు, వెనకవైపు ఆ నెల వాయిద్యం పేరు రాసేది. పుస్తకంలో ఏ నంబరు ఎవరిదో రాసుకుని, కొన్నవాళ్లకి ఆ నంబరే ఒక కాగితం ముక్క మీద రాసిచ్చేది. అంతవరకైతే ఎవరైనా చేస్తారు. చీటీల పిల్లకి ఇంకో పద్ధతి ఉండేది, దానికి కారణం కళ్లజోళ్ల షాపాయన.

మొట్టమొదటి డ్రా రోజున ఆయన లేచి నిలబడి, "నా నంబరు లోపల వేశారని నమ్మకమేంటండీ? మీరు చెప్పడమే కదా" అన్నాడు. అన్నది నవ్వుతూనే గానీ, అందరి మొహాలూ ఒక్కసారి మావయ్య వైపు తిరిగాయి. మావయ్యకి తల కొట్టేసినట్టయింది.

ఆ రాత్రి మావయ్య అన్నం సగంలోనే వదిలేసి లేచాడు. మర్నాడు చీటీల పిల్ల ఒక కాగితం మీద తన పద్ధతి రాసి ఆయన బల్లమీద పెట్టింది. చీటీలు వరసలో పెట్టాలి. రెండుసార్లు లెక్కపెట్టాలి. డ్రా రోజున మావయ్య ఒకటి, రెండు, మూడు అని పిలుస్తుంటే తను ఒక్కొక్క చీటీ ఎత్తి అందరికీ చూపించి లోపల వెయ్యాలి. ఎవరి నంబరు లోపల పడటం వాళ్లు కళ్లారా చూసుకోవచ్చు.

"దీని బుర్ర చూశావా!" అని మావయ్య ఆ కాగితం అత్తయ్యకి చూపించి మురిసిపోయాడు.

"నోరు లేని వాళ్లకి బుర్రే కదా ఉండేది" అంది అత్తయ్య. ఆమె మెచ్చుకోవడం అలాగే ఉంటుంది.

చీటీలు వేసేది ఒక పెద్ద డ్రమ్ములో. ఎప్పుడో చెదిరిపోయిన బ్యాండు వాళ్లది. బండి చక్రమంత ఉండేది. పైవైపు తోలుకి చెయ్యి పట్టేంత చిరుగు. మావయ్య దాన్ని కొట్టు మధ్యలో నేల మీద పడుకోబెట్టేవాడు. ఆ చిరుగులోంచి చీటీలు ఒక్కొక్కటే లోపలికి వేసేవాళ్లు. అన్నీ పడ్డాక మావయ్య డ్రమ్ముని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపేవాడు. అప్పుడు చీటీల పిల్ల కళ్లు మూసుకుని లోపల చెయ్యి పెట్టి ఒకటి తీసేది. ఆమె టికెట్టు కొనదు గనక, ఎవరితోనూ మాట్లాడదు గనక, ఆమె చెయ్యంటే అందరికీ నమ్మకం.

ఒకటో నంబరు ఎప్పుడూ కండక్టరమ్మది.

ఆమె సిటీ బస్సులో కండక్టరు. యాభై దాటిన మనిషి. బస్టాపు సరిగ్గా మావయ్య కొట్టు ఎదురుగానే. చీటీలు అమ్మడం మొదలయ్యే రోజు పొద్దున్నే బస్సు ఆగడం, ఆమె ఒక్క దూకు దూకి కొట్లోకి రావడం, "ఒకటో నంబరు నాదే, ఇంకెవరికైనా ఇచ్చారో ఈ కొట్టు ముందు బస్సు ఆపను" అనడం, చిల్లర బల్లమీద పెట్టి చీటీ నంబరు పుస్తకంలో రాయించుకోవడం, అన్నీ నిమిషంలో అయిపోయేవి. అంతసేపూ బస్సు నిండా జనం కిటికీల్లోంచి చూస్తుండేవారు. ఆమె మళ్లీ ఎక్కి "రైట్" అనేదాకా బస్సు కదిలేది కాదు.

"ఎందుకండీ ప్రతిసారీ ఒకటే?" అని మావయ్య ఒకసారి అడిగాడు.

"రోజంతా టికెట్లు చింపి ఇచ్చేదాన్ని అన్నయ్యా. పుస్తకంలో మొదటి టికెట్టు ఎప్పుడూ ఎవరో ముక్కూమొహం తెలియనివాడికి పోతుంది. ఇక్కడైనా మొదటిది నాకు కావద్దూ!"

"ఏ వాయిద్యం వస్తే బాగుంటుందనుకుంటున్నారు?"

"ఏదొస్తే అది. నాకేదీ వాయించడం రాదుగా, అందుకని అన్నీ ఒకటే."

చీటీల పిల్లకి కండక్టరమ్మ అంటే ఇష్టం. ఆమె ఇద్దరి మాటలూ తనే మాట్లాడేసేది. "ఏం పిల్లా బాగున్నావా, బాగున్నాను ఆంటీ, అన్నం తిన్నావా, తిన్నాను ఆంటీ, ఉంటా మరి" అని, జవాబులు కూడా తనే చెప్పేసుకుని వెళ్లిపోయేది. మాట్లాడమని బలవంతపెట్టని మనిషి దొరకడం ఎంత హాయో మాట్లాడలేనివాళ్లకే తెలుస్తుంది.

ప్రతి డ్రాకీ కండక్టరమ్మ వచ్చేది. ప్రతిసారీ ఎవరికో వచ్చేది. ఆమె పెద్దగా నవ్వేది.

"నా మొహానికి అదృష్టమా! చిన్నప్పుడు మా అమ్మ నా చెయ్యి చూపిస్తే, చూసినాయన డబ్బులు తిరిగి ఇచ్చేశాడట. చెప్పడానికేం లేదమ్మా అని" అనేది. అందరూ నవ్వేవారు. ఆమె వెళ్లాక కూడా ఆ మాట చెప్పుకుని నవ్వేవారు.

నెలలు గడిచేకొద్దీ ఆ నవ్వు రంగు మారింది. రెండో నంబరు కొనేవాడు "ఆవిడ పక్క నంబరు నాకొద్దు, చివర్లోది ఇవ్వండి" అనడం మొదలుపెట్టాడు. పదో డ్రా నాడు పాల వ్యాను డ్రైవరు ఆమె పక్కనుంచి జరుగుతూ, "కొంచెం అవతలగా నిలబడండమ్మా, మీ గాలి నా చీటీకి సోకేను" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. కండక్టరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే అవతలికి జరిగింది. జరిగి కొట్టు ముందున్న స్తంభం వెనక నిలబడింది. డ్రా అయ్యేదాకా అక్కడే ఉంది. జరిగిన మనిషి మళ్లీ ముందుకి రాలేదన్న సంగతి చీటీల పిల్ల ఒక్కతే గమనించింది.

పదకొండో డ్రా అయిపోయాక కండక్టరమ్మ మావయ్యతో, "వచ్చే నెలతో ఆపేస్తా అన్నయ్యా. అదృష్టం లేదని దేవుడు పన్నెండుసార్లు చెప్పినా నాకు అర్థం కాకపోతే తప్పు చెప్పేవాడిది కాదు" అంది. ఈసారి అందులో హాస్యం లేదు.

పన్నెండో డ్రాకి పెట్టింది అకార్డియన్. ఇంకా రెండు రోజులుందనగా, శుక్రవారం సాయంత్రం, ఒక స్కూలు వాళ్లు వచ్చి ఆ పెద్ద డ్రమ్ము తమకి కావాలన్నారు. తోళ్లు రెండూ కొత్తవి వేసిస్తే సరైన ధర ఇస్తామన్నారు. మావయ్య మొహం వెలిగిపోయింది. వాళ్లు వీధి మలుపు తిరిగారో లేదో డ్రమ్ము బోర్లా వేసి అడుగు తోలు కట్టు విప్పడం మొదలుపెట్టాడు.

తోలు అంచు చెక్క చక్రం నుంచి విడిపోగానే సందులోంచి ఒక చీటీ జారి కింద పడింది. తర్వాత ఇంకోటి. మావయ్య తోలు పైకి లాగేసరికి చక్రం చుట్టూ ఇరుక్కున్న చీటీలు టపటపా రాలాయి.

చీటీల పిల్ల వంగి ఏరింది. పదకొండు. ఒక్కొక్కటే తిప్పి చూసింది. మూడు చీటీల మీద రెండో నంబరు. ఒకదాని మీద మూడు. మిగతా ఏడింటి మీదా ఒకటి, ఒకటి, ఒకటి. వెనకవైపు ఏడు వేర్వేరు వాయిద్యాల పేర్లు. అన్నీ ఆమె రాసినవే.

ఆమె నోట మాట రాలేదు. ఎలాగూ వచ్చేది కాదు, అది వేరే సంగతి. చీటీలు మావయ్య చేతిలో పెట్టింది.

మావయ్య చాలాసేపు చూశాడు. తర్వాత తోలుని మళ్లీ ఉన్నచోటే బిగించి, డ్రమ్ముని ఎప్పుడూ ఉండే చోట పడుకోబెట్టాడు. ఒక ఖాళీ చీటీ తీసుకుని చిరుగులోంచి లోపలికి జారవిడిచాడు. ఇద్దరూ తలలు ఆనించి లోపలికి చూశారు.

నేల కడిగిన నీళ్లు బయటికి పోవాలని ఆ కొట్టు నేల గుమ్మం వైపు వాలుగా ఉంటుంది. ఏళ్ల తరబడి వాయించిన తోలు అద్దంలా నున్నగా ఉంది. చీటీ దానిమీద పడి, ఒక్క క్షణం ఆగి, మెల్లగా గుమ్మం వైపు అంచుకి జారి, తోలుకీ చెక్కకీ మధ్య సందులోకి వెళ్లిపోయింది. మావయ్య రెండోది వేశాడు. అది సగం జారి ఆగింది. మూడోది పడ్డచోటే ఉండిపోయింది. నాలుగోది దానిమీద పడింది. ఇక ఎన్ని వేసినా కుప్ప పడుతున్నాయే తప్ప జారడం లేదు. మావయ్య డ్రమ్ముని ఊపాడు. సందులోకి పోయినది సందులోనే ఉంది.

చీటీల పిల్లకి ఇప్పుడు అర్థమైంది. చీటీలన్నీ గుప్పెడుగా ఒక్కసారి పోసేస్తే ఏ నంబరు ఎక్కడ పడేదో. వరసలో పెట్టింది తను. ఒకటితో మొదలుపెట్టి ఒక్కొక్కటే వెయ్యాలన్నది తను. ఎవరికీ అనుమానం రాకూడదని పెట్టుకున్న పద్ధతే ఇన్నిసార్లు మొదటి మనిషిని బయటికి నెట్టేసింది. వేసేముందు రెండుసార్లు లెక్కపెట్టేది. డ్రా అయ్యాక మిగిలినవి చెత్తబుట్టలో పోసేటప్పుడు ఒక్కసారైనా లెక్కపెట్టాలని తోచలేదు.

"ఎవరికీ చెప్పకు" అన్నాడు మావయ్య.

ఆమె ఆయన మొహంలోకి చూసింది.

"అలా చూడకమ్మడూ. నేనేం దొంగతనం చేశానా? నూట ఇరవై చీటీల్లో ఒకటి. లోపల ఉన్నంతమాత్రాన వచ్చేదా? రాకపోవడమే ఎక్కువ. ఇది తెలిస్తే వీధిలో ఎవడైనా మళ్లీ నా చీటీ కొంటాడా? కళ్లజోళ్లాయన ఒక్కడు చాలు, ఊరంతా చాటింపు వేసేస్తాడు."

మావయ్య చెప్పింది అబద్ధం కాదు. ఆమె లోపల ఉన్నా వచ్చేది కాదేమో. కానీ మిగతావాళ్లు కొన్నది వాయిద్యాన్ని కాదు కదా. రాకపోవచ్చని తెలిసే కొన్నారు. రావచ్చు అన్నదాన్నే కొన్నారు. నెల పొడుగునా జేబులో పెట్టుకుని తిరిగింది దాన్నే. కండక్టరమ్మ కూడా అదే కొన్నాననుకుని వెళ్లింది. ఏడుసార్లు ఆమెకి ఉత్త కాగితం ఇచ్చి పంపారు. పైగా, అంతా నీ చేతి గీతల్లోనే ఉందమ్మా అని నవ్వారు.

ఇదంతా చీటీల పిల్లకి లోపల చక్కగా వాక్యాలు వాక్యాలుగా వచ్చింది. పైకి మాత్రం ఒక్క మాటా రాలేదు.

శనివారమంతా మావయ్య కూడా స్థిమితంగా లేడు. అకార్డియన్ తిత్తికి వేసిన అతుకే మళ్లీ వేశాడు. టీ చల్లారబెట్టుకున్నాడు. అత్తయ్య అడిగితే కసిరాడు. సాయంత్రం చీటీల పిల్ల నంబర్లు రాస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నాకో ఆలోచన వచ్చింది" అన్నాడు మెల్లగా. "ఆవిడకి అన్యాయం జరిగింది. కాదనను. సరిచేద్దాం. రేపు రేకు డబ్బా పెడతాను. నేను ఒకటి అని పిలిచినప్పుడు నువ్వు చీటీ అందరికీ చూపించు. వేసినట్టే చెయ్యి, కానీ వెయ్యకు. వేళ్ల సందున పట్టుకో. చివర్లో చెయ్యి లోపల పెట్టి దాన్నే పైకి తియ్యి. ఆవిడకి అకార్డియన్ వస్తుంది. ఆవిడ సంతోషం, మన మనసుకి నెమ్మది. ఎవరికీ నష్టం లేదు."

ఆమె కలం ఆగిపోయింది.

"మంచి పనే కదమ్మా ఇది?" అన్నాడు. మావయ్య ఆమె అనుమతి అడుగుతున్నట్టు అడగడం అదే మొదటిసారి. ఆమె ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే అనుకోవడం ఆ ఇంట్లో అందరికీ అలవాటే. మావయ్య ఆమె తలమీద చెయ్యి వేసి, తేలికపడ్డ మనసుతో లేచి వెళ్లిపోయాడు.

ఆదివారం పది కాకముందే నలభైమంది దాకా చేరారు. పాల వ్యాను డ్రైవరు ముందు వరసలో ఉన్నాడు. కళ్లజోళ్ల షాపాయన కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. కండక్టరమ్మ సెలవు రోజు గనక యూనిఫాం లేకుండా వచ్చింది. ఎవరూ చెప్పకుండానే వెళ్లి స్తంభం వెనక నిలబడింది.

"డ్రమ్మేదీ?" అన్నాడు కళ్లజోళ్లాయన.

"అమ్ముడైపోయింది" అన్నాడు మావయ్య. అది నిజమే గనక గొంతు తడబడలేదు. "మొదలుపెడదామా? ఒకటి!"

చీటీల పిల్ల ఒకటో చీటీ ఎత్తి చూపించింది. చెయ్యి డబ్బా లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు చీటీ ఆమె వేళ్ల సందులోనే ఉంది. అంత సులువుగా జరిగిపోతుందని ఆమె అనుకోలేదు.

"రెండు!"

రెండో చీటీ వేసింది. మూడు. నాలుగు. పది. ఇరవై. వేళ్ల సందులో ఉన్న కాగితం చెమటకి మెత్తబడుతోంది. పైకి ఎత్తిన ప్రతిసారీ అందరూ దాన్నే చూస్తున్నారనిపించింది. ఎవరూ చూడటం లేదు. ఎవరి నంబరు కోసం వాళ్లు ఎదురుచూస్తున్నారు. తన నంబరు పడగానే ఒక్కొక్కరూ భుజాలు దించి ఊపిరి వదులుతున్నారు. స్తంభం వెనక కండక్టరమ్మ అప్పటికే ఊపిరి వదిలేసి నిలబడి ఉంది. ఆమెది మొదటే పడింది కదా.

యాభై. అరవై. అరవై ఒకటి.

అప్పుడు చీటీల పిల్లకి ఒక సంగతి తట్టింది. ఈసారీ ఒకటో నంబరు లోపల లేదు.

ఏడుసార్లు తెలియక బయట ఉంచారు. ఎనిమిదోసారి తెలిసి తెలిసి తనే ఉంచింది. అకార్డియన్ వస్తే ఆమె ఇంటికి తీసుకెళ్తుంది, పక్కింటివాళ్లకి చూపించి ఎట్టకేలకు నా చేతి గీత కూడా మారిందని చెబుతుంది. అది కూడా ఉత్త కాగితమే. మిగతా నూట పంతొమ్మిది మందికీ ఇవాళ ఇచ్చింది ఉత్త కాగితమే. ఒక మనిషికి చేసినదాన్ని సరిదిద్దడానికి అదే పని అందరికీ చేస్తోంది.

"అరవై రెండు!" అన్నాడు మావయ్య.

ఆమె అరవై రెండు ఎత్తి చూపించింది. చెయ్యి లోపల పెట్టి వేళ్లు బార్లా చాపేసింది. రెండు చీటీలూ పడ్డాయి.

మావయ్యకి తెలియలేదు. నూట ఇరవై దాకా హుషారుగా పిలిచాడు. డబ్బా మూతపెట్టి బాగా కుదిపాడు. "తియ్యమ్మా" అని, కండక్టరమ్మ వైపు ఒకసారి చూసి, లోపలే నవ్వుకున్నాడు.

ఆమె కళ్లు మూసుకుని తీసింది. మావయ్య అందుకుని చూశాడు. ఆయన మొహంలో నవ్వు మెట్టుమెట్టుగా దిగిపోయింది.

"ఎనభై... నాలుగు" అన్నాడు.

పాల వ్యాను డ్రైవరు గాల్లోకి ఎగిరాడు. "నాదే! నాదే! నేను చెప్పలా? గాలి తగలకుండా నిలబడితే వస్తుందని చెప్పలా?" అని అకార్డియన్ మీదకి దూకి, పట్టీలు తలకిందులుగా తగిలించుకుని, రెండు చేతులా బలంగా లాగాడు. అది జబ్బుచేసిన గేదెలా అరిచింది. వీధంతా పడి పడి నవ్వింది.

స్తంభం వెనకనుంచి కండక్టరమ్మ ముందుకి వచ్చింది. "సరే అన్నయ్యా, పన్నెండు. పరీక్ష ఫెయిల్. నా చేతిలో లేదంతే" అని రెండు చేతులూ దులుపుకుంది. ఎప్పటిలాగే నవ్వింది. చెప్పులు వెతుక్కుంటూ మెట్టు దిగింది.

"కాదు" అంది చీటీల పిల్ల.

ఎవరికీ వినపడలేదు. అకార్డియన్ అరుస్తోంది.

"కాదండీ. అది మీ చెయ్యి కాదు."

కళ్లజోళ్లాయన ఒక్కడు తలతిప్పి, ఎవరు మాట్లాడారా అని చూశాడు. ఈ పిల్ల అయ్యుండదని మళ్లీ అటు తిరిగాడు.

ఆమె బల్ల దాటి వచ్చి డ్రైవరు ముందు నిలబడి అకార్డియన్ తిత్తిని రెండు చేతులా మూసి పట్టుకుంది. అరుపు మధ్యలో తెగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది.

"ఆంటీ, మీ చీటీ ఏడుసార్లు లోపల లేదు. డ్రమ్ము సందులో ఇరుక్కుపోయింది. నేను వరసలో వెయ్యడం వల్ల. మొన్న శుక్రవారం చూశాం. మీకు అదృష్టం లేక కాదు."

అందరి చూపులూ మావయ్య మీదకి మళ్లాయి. సంవత్సరం కింద కళ్లజోళ్లాయన అడిగిన రోజున మళ్లినట్టే. చీటీల పిల్ల మాత్రం ఆయన వైపు చూడలేకపోయింది. ఆయన ఒక్క మాటతో, పిల్లకేం తెలియదండీ అని కొట్టేయొచ్చు. అందరూ నమ్ముతారు కూడా.

మావయ్య లోపలికి వెళ్లాడు. సొరుగు లాగిన చప్పుడైంది. పదకొండు చీటీలు తెచ్చి, వాటిలో ఏడు విడదీసి, మెట్టు దిగి కండక్టరమ్మ చేతిలో పెట్టాడు.

"నిజమేనమ్మా. చెప్పకూడదనుకున్నా. భయపడ్డా" అన్నాడు.

"నేను అప్పుడే అన్నానా లేదా!" అని కళ్లజోళ్లాయన కుర్చీలోంచి లేచాడు. "మొదటి రోజే అన్నాను, నమ్మకమేంటని!"

"మీరు అడగబట్టే ఇదంతా వచ్చిందండీ బాబూ" అంది లోపల్నుంచి అత్తయ్య. "లేకపోతే గుప్పెడుగా పోసేవాళ్లం."

కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. రెండో నంబరువాళ్లు ముగ్గురూ, మూడో నంబరాయనా ముందుకి వచ్చి చీటీలు తిప్పి తిప్పి చూసుకున్నారు. వాళ్లకి వచ్చే నెల చీటీ ఊరికే ఇస్తానన్నాడు మావయ్య. ఒకాయన నాకేమీ అక్కర్లేదు, ఇక రాను అని వెళ్లిపోయాడు. మావయ్య ఆయన వెళ్లినవైపే కాసేపు చూశాడు.

"మరి ఇది వెనక్కి ఇవ్వాలా ఏంటి?" అన్నాడు డ్రైవరు, అకార్డియన్ని చంటిపిల్లని పొదువుకున్నట్టు పొదువుకుంటూ.

"ఇవాళ్టిది సరిగ్గానే..." అని మావయ్య ఆగి, మేనకోడలి వైపు చూశాడు. "సరిగ్గానే జరిగిందా?"

"జరిగింది" అంది ఆమె. "అన్నీ లోపలే ఉన్నాయి."

మావయ్య తల ఊపాడు. ఆయనకి కోపం వచ్చిందో, సిగ్గేసిందో, ఆమెకి తెలియలేదు. "కండక్టరమ్మా, లోపల అరల్లో ఏముంటే అది, మీకు నచ్చింది పట్టుకెళ్లండి" అన్నాడు.

కండక్టరమ్మ జవాబు చెప్పలేదు. ఆమె మాట్లాడకుండా ఉండటం ఎవరూ చూసి ఎరగరు. జనం పలచబడ్డాక మెట్టు మీద కూర్చుని ఏడు చీటీలనూ ఒళ్లో పరుచుకుంది. చీటీల పిల్ల వెళ్లి పక్కన కూర్చుంది.

"అయితే మిగతా నాలుగుసార్లూ లోపలే ఉన్నానా?"

"ఉన్నారు."

"ఇవాళ కూడా?"

"ఇవాళ కూడా."

"అంటే నేను ఓడింది ఐదుసార్లే." ఆమె వేళ్లు మడిచి చూసుకుంది. "ఐదుసార్లు ఎవరైనా ఓడతారు. పాపం ఆ చెయ్యి చూసినాయన్ని అనవసరంగా ఇన్నేళ్లు నమ్మాను."

చీటీలు ఒక్కొక్కటే తిప్పి వెనక ఉన్న పేర్లు చదివింది. ఏదో వెతుకుతున్నట్టు రెండోసారి కూడా చదివింది.

"మూడో నెల క్లారినెట్ పెట్టారు కదా. ఇందులో లేదు."

"ఆ రోజు మీరు లోపల ఉన్నారు ఆంటీ. నిజంగానే రాలేదు."

కండక్టరమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. "ఏదైనా ఒకటే అన్నాను గానీ, నాకు కావాల్సింది అదొక్కటే. ఆ రోజు ఇంటికెళ్లి తలుపేసుకుని ఏడ్చా. ఇంత వయసొచ్చి పిల్లలు బూర కోసం ఏడ్చినట్టు ఏడుస్తానేంటని నన్ను నేనే తిట్టుకున్నా. ఆ ఏడుపు కూడా దండగేనేమో అని ఇప్పుడు భయమేసింది. పోనీలే. అది న్యాయంగానే ఏడ్చా."

ఆమె చీటీలన్నీ దగ్గరికి చేర్చి సంచీలో వేసుకుంది.

"ఎవరికొచ్చిందది?"

"పోస్టాఫీసులో ముద్రలు వేసే ఆయనకి."

"వాయిస్తున్నాడా?"

"తెలీదు."

"ఇల్లెక్కడో తెలుసా?"

"పుస్తకంలో రాసి ఉంది. రెండు వీధులవతల."

"అయితే పద" అని కండక్టరమ్మ లేచింది. "వాయించకుండా అటకెక్కించి ఉంటే అమ్ముతాడేమో అడుగుదాం. వాయిస్తుంటే కాసేపు కూర్చుని విందాం." రెండడుగులు వేసి ఆగిపోయింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అటూ ఇటూ చూసింది. "నువ్వే అడగాలి పిల్లా. నాకు అలాంటివి అడగడం చేతకాదు. మొహమాటం."

"నేనా?"

"నలభైమంది ముందు నోరు విప్పినదానివి, ఒక్క మనిషి ముందు విప్పలేవా?"

చీటీల పిల్ల లోపలికి వెళ్లి పుస్తకంలో ఇంటి నంబరు చూసి వచ్చింది. ఇద్దరూ నడిచారు. దారంతా కండక్టరమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు. చీటీల పిల్ల మాత్రం తలుపు తీయగానే ఏమనాలో మెల్లగా, పైకే, అనుకుంటూ నడిచింది.